వర్చువల్ పిన్‌బాల్ టేబుల్‌ని ఏ తెరకైనా కుదిరేలా కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజువల్ పిన్‌బాల్ ఎక్స్ (వీపీ) అంటే కంప్యూటర్‌లో పిన్‌బాల్ టేబుళ్లు కట్టి ఆడించే సాఫ్ట్‌వేర్. అందులో టేబుల్ కట్టేవాళ్లకి బంతి, ఫ్లిప్పర్ల (బంతిని కొట్టే రెక్కలు) కంటే తెరతోనే ఎక్కువ తిప్పలు. ఒకరి దగ్గర అడ్డంగా ఉండే మామూలు మానిటర్ ఉంటుంది, ఇంకొకరి దగ్గర చెక్క క్యాబినెట్‌లో పడుకోబెట్టిన 42 అంగుళాల టీవీ, మరొకరి దగ్గర ఫోన్. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుండటంతో అన్నీ ఒక్కచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. 10.7 వెర్షన్‌కీ 10.8కీ తేడా ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్పాం.

## కొలతలు వేసుకునేటప్పుడు

డెస్క్‌టాప్‌కి ఒకటి, క్యాబినెట్‌కి ఒకటి వేర్వేరు టేబుళ్లు కట్టాలా?

అక్కర్లేదు. పాత 9వ వెర్షన్ రోజుల్లో అలాగే రెండు ఫైళ్లు చేసేవారు. ఒకదాంట్లో సరిచేసిన తప్పు రెండోదాంట్లో అలాగే ఉండిపోయేది. ఇప్పుడు ఒకే ఫైల్లో మూడు వ్యూలు విడివిడిగా దాచుకోవచ్చు: అడ్డ తెరకి డెస్క్‌టాప్, పడుకోబెట్టిన తెరకి క్యాబినెట్, ఒకే నిలువు తెర మీద ప్లేఫీల్డూ (బంతి తిరిగే పలక) బ్యాక్‌గ్లాసూ (యంత్రం వెనక నిలబడి ఉండే బొమ్మల పలక) రెండూ కనిపించడానికి ఫుల్ సింగిల్ స్క్రీన్. బంతి కదలికకి ఈ వ్యూలతో సంబంధం లేదు. కాబట్టి టేబుల్‌ని అసలు యంత్రం కొలతలతో ఒక్కసారే కట్టండి, తెరని బట్టి వ్యూ మాత్రమే మార్చండి. తెరకి సరిపోవడం లేదని టేబుల్ పొడవు తగ్గిస్తే షాట్ల కోణాలన్నీ చెడతాయి. ఆ నష్టాన్ని తర్వాత ఏ సెట్టింగూ పూడ్చలేదు.

అంగుళాల్ని వీపీ యూనిట్లలోకి ఎలా మార్చాలి?

బంతిని ఆధారం చేసుకోండి. అసలు పిన్‌బాల్ బంతి వ్యాసం 1 1/16 అంగుళం, అంటే సుమారు 27 మిల్లీమీటర్లు. వీపీలో దాన్ని 50 యూనిట్లుగా తీసుకున్నారు. ఆ లెక్కన అంగుళానికి 47.06 యూనిట్లు, మిల్లీమీటరుకి 1.85 యూనిట్లు.

20.25 అంగుళాల వెడల్పు 953 యూనిట్లు అవుతుంది. 42 అంగుళాల పొడవు 1976, 46 అంగుళాలు 2165. కొత్త టేబుల్ తెరిస్తే కనిపించే 952 × 2162 అనే కొలత ఇలా వచ్చిందే. 3 అంగుళాల ఫ్లిప్పర్ 141 యూనిట్లు. బంతి చిన్నగా కనిపిస్తోందని వ్యాసార్థాన్ని 25 నుంచి 27కో 28కో పెంచేవాళ్లున్నారు. అది చేయకండి. లేన్లలో, రబ్బర్ల మధ్య ఖాళీలన్నీ 50 యూనిట్ల బంతికి లెక్కవేసినవి. కాస్త పెరిగినా బంతి ఇరుక్కుంటుంది.

నా 16:9 టీవీలో టేబుల్ మొత్తం పట్టడం లేదు. తప్పు టేబుల్‌దా, టీవీదా?

తప్పు ఎవరిదీ కాదు, నిష్పత్తులే వేరు. 46 అంగుళాల పొడవు, 20.25 వెడల్పు ఉన్న ప్లేఫీల్డ్ నిష్పత్తి 2.27. నిలబెట్టిన 16:9 తెరది 1.78. మామూలు 42 అంగుళాల టీవీ తెర 36.6 × 20.6 అంగుళాలు ఉంటుంది. వెడల్పు నిండేలా పెడితే పొడవులో సుమారు 10 అంగుళాలు తెర బయటికి పోతుంది. పొడవంతా పట్టేలా పెడితే అంతా 80 శాతానికి కుదించుకుపోయి, అటూ ఇటూ రెండుంపావు అంగుళాల చొప్పున నల్ల పట్టీలు మిగులుతాయి. రెండువైపులా నిండేలా సాగదీస్తే బంతి పొడవు కంటే వెడల్పు 28 శాతం ఎక్కువ అవుతుంది.

నాలుగో దారి ఉంది, మంచి టేబుళ్లన్నీ పట్టేది అదే: టేబుల్‌ని నిట్టనిలువుగా పైనుంచి కాకుండా కాస్త వాలుగా చూపించడం. వాలుగా చూసినప్పుడు ప్లేఫీల్డ్ పొడవు తగ్గినట్టు కనిపిస్తుంది, బంతి మాత్రం గోళం కాబట్టి గుండ్రంగానే ఉంటుంది. లెక్క ప్రకారం 46 అంగుళాల టేబుల్ 16:9లో పూర్తిగా ఇమడాలంటే దాదాపు 38 డిగ్రీల వాలు కావాలి. క్యాబినెట్‌లో అంత వాలు పెట్టరు, ఎందుకంటే నిలబడిన ఆటగాడు తెరని ఎలాగూ వాలుగానే చూస్తున్నాడు. 15 నుంచి 25 డిగ్రీల వాలు, కొద్దిగా సాగదీత, ఏప్రన్ (ఫ్లిప్పర్ల కింద ఉండే పలక) కింది అంచు కొంచెం తెగిపోవడం, ఈ మూడింటినీ కలిపితే కంటికి ఇబ్బంది ఉండదు.

ఫోన్లో ఆడేవాళ్ల కోసం టేబుల్ మార్చాలా?

నిజానికి ప్లేఫీల్డ్‌కి బాగా దగ్గరగా ఉన్న తెర ఫోన్‌దే. 20:9 ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే నిష్పత్తి 2.22. ప్లేఫీల్డ్‌ది 2.27. సాగదీయకుండానే దాదాపు మొత్తం ఇమిడిపోతుంది. అసలు ఇబ్బంది సైజుతోనే. 6.7 అంగుళాల ఫోన్లో తెర పొడవు సుమారు 6.1 అంగుళాలు. అందులో బంతి మూడున్నర మిల్లీమీటర్లు, ఫ్లిప్పర్ సెంటీమీటరు. ఇన్సర్ట్‌ల (ప్లేఫీల్డ్‌లో పొదిగిన దీపాల మూతలు) మీద రాసిన చిన్న అక్షరాలు చదవడం అసాధ్యం. కాబట్టి ఏ షాట్ వెలిగిందన్నది రాతతో కాక రంగుతో, మినుకుతో తెలిసేలా దీపాలు పెట్టండి. ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లలో నడిచే స్టాండలోన్ రూపంలో విండోస్ మీద ఆధారపడిన స్క్రిప్ట్ భాగాలు అన్నీ పనిచేయవు. అక్కడ ఆడించి చూడకుండా పనిచేస్తుందని చెప్పకండి.

ప్లేఫీల్డ్ బొమ్మ ఎన్ని పిక్సెళ్లు ఉండాలి?

4కే తెర పొడవు 3840 పిక్సెళ్లు. కాబట్టి క్యాబినెట్ కోసం 4096 పొడవు చాలు. 952 × 2162 టేబుల్‌కి అదే నిష్పత్తిలో అయితే 1804 × 4096. వీఆర్‌లో (కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడేటప్పుడు) ముఖం దగ్గరికి తెచ్చి చూస్తారు కాబట్టి అక్కడ 8192 వల్ల కొంత మేలుంది. అయితే ఫైల్ సైజు చూసి మోసపోకండి. జేపెగ్ డిస్కు మీద 6 ఎంబీ ఉన్నా, గ్రాఫిక్స్ కార్డు మెమరీలోకి విప్పుకుని వెళ్తుంది. 4096 × 8192 బొమ్మ ఒక్కటే అక్కడ 128 ఎంబీ, మిప్‌మ్యాపులతో (అదే బొమ్మకి చిన్న సైజు నకళ్లు) కలిపి 170 దాకా తింటుంది. అలాంటివి పది పెడితే 2 జీబీ కార్డున్న వాళ్లకి టేబుల్ తెరుచుకోదు, తెరుచుకున్నా కుదుపులతో నడుస్తుంది. ప్లేఫీల్డ్‌కి ఎక్కువ ఇవ్వండి, స్క్రూ తలకి 4కే టెక్స్చర్ (పైన అంటించే బొమ్మ) ఇవ్వకండి.

## వ్యూ అమర్చేటప్పుడు

మానిటర్‌ని నిలువుగా పెట్టాను. విండోస్‌లో తిప్పాలా, టేబుల్‌లో తిప్పాలా?

విండోస్‌ని అడ్డంగానే వదిలేసి, క్యాబినెట్ వ్యూలో రొటేషన్ 270 పెట్టండి. బొమ్మ తలకిందులైతే 90. క్యాబినెట్‌లో అందరూ పాటించే పద్ధతి ఇదే. విండోస్‌లోనే నిలువుగా తిప్పితే రొటేషన్ 0 ఉండాలి. కొన్ని డ్రైవర్లలో అలా తిప్పినప్పుడు బటన్ నొక్కడానికీ ఫ్లిప్పర్ కదలడానికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది. రెండుచోట్లా తిప్పితే టేబుల్ అడ్డం తిరిగి కనిపిస్తుంది. కొత్తవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

ఇంక్లినేషన్, ఫీల్డ్ ఆఫ్ వ్యూ, లేబ్యాక్, స్కేళ్లు: ఏది ముందు ముట్టుకోవాలి?

10.7లో ఆట నడుస్తుండగా ఎఫ్6, 10.8లో ఎఫ్12 నొక్కితే ఈ విలువలన్నీ అక్కడికక్కడే మార్చి చూడొచ్చు. వరస ముఖ్యం.

1. రొటేషన్ సరిచేయండి.
2. ఎక్స్, వై, జెడ్ స్కేళ్లు మూడూ 1, లేబ్యాక్ 0 పెట్టండి. పాత విలువల మీద సర్దడం మొదలుపెడితే ఎటూ తేలదు.
3. ఫీల్డ్ ఆఫ్ వ్యూ పెట్టండి. తక్కువైతే కెమెరా దూరం వెళ్లినట్టు, టేబుల్ పైచివరా కింది చివరా దాదాపు ఒకే వెడల్పు. ఎక్కువైతే ఫ్లిప్పర్ల దగ్గర వెడల్పు, పైన ఇరుకు. క్యాబినెట్‌కి 20–30, డెస్క్‌టాప్‌కి 40–45 దగ్గర మొదలుపెట్టొచ్చు.
4. ఇంక్లినేషన్‌తో వాలు తీసుకురండి.
5. ఆఫ్‌సెట్‌లతో టేబుల్‌ని తెర మధ్యలోకి జరపండి.
6. ఇంకా ఖాళీ మిగిలితేనే ఎక్స్, వై స్కేళ్లు.

లేబ్యాక్ కెమెరాని కదపదు. టేబుల్ మీద ఎత్తుగా ఉన్నవాటిని పేకముక్కల దొంతరని వేలితో నెట్టినట్టు ఒకవైపుకి వాలుస్తుంది. దానివల్ల ర్యాంపులు, బంపర్లు లేచి నిలబడ్డట్టు కనిపిస్తాయి, పైనుంచి చూసే క్యాబినెట్ వ్యూకి ఆ లోతు బాగుంటుంది. కానీ అదొక వంకర. 60, 70 దాటించి, ఆ వంకర చూపుకి తగ్గట్టు వస్తువుల ఎత్తులు మార్చేస్తే వీఆర్‌లో ఆ ఎత్తులన్నీ తప్పుగా బయటపడతాయి. లేబ్యాక్‌ని వాడండి, దాని కోసం మోడల్‌ని మాత్రం దిద్దకండి.

బంతి కోడిగుడ్డులా కనిపిస్తోంది, ఎందుకు?

ఎక్స్ స్కేల్, వై స్కేల్ ఒకదానికొకటి దూరమయ్యాయి. టేబుల్‌ని తెర అంచులదాకా లాగాలని ఎక్స్‌ని 1.3, వైని 1 చేస్తే బంతీ అంతే సాగుతుంది. తేడా 5 శాతం లోపు ఉంటే కన్ను పట్టదు, 10 దాటితే ఇన్సర్ట్ దీపాల వలయాలు కూడా కోలగా కనిపిస్తాయి. ఎక్స్ తగ్గించి, ఆ ఖాళీని ఇంక్లినేషన్‌తో నింపండి. పరీక్షించేటప్పుడు తెర మీదికి వంగి స్కేలు పెట్టి కొలవకండి. ఆడేచోట నిలబడి చూడండి. ఎందుకంటే వాలుగా చూసే కంటికి తెర మీది వలయం కొంచెం అణిగే కనిపిస్తుంది. కొలతలో కాస్త నిలువుగా ఉన్న బంతే ఆటగాడికి గుండ్రంగా కనబడొచ్చు.

10.8లోని విండో మోడ్‌కి ఏం కొలవాలి?

టేపు ఒకటి చాలు. తెరలో వెలుగు వచ్చే భాగం వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో (42 అంగుళాల 16:9 తెరకి 93 × 52.3), క్యాబినెట్‌లో తెర వంపు, ఆడేటప్పుడు మీ కళ్లు తెర కింది అంచుకి ఎంత వెనక, ఎంత ఎత్తులో ఉంటాయన్నవి. ఫ్రేమ్‌తో కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఈ మోడ్ తెరని గాజు కిటికీగా భావిస్తుంది, దాని వెనక అసలు యంత్రం ఉంటే మీ కంటికి ఎలా కనిపించేదో అలా గీస్తుంది. కంటి స్థానం ఆడేవాళ్ల సెట్టింగుల్లో ఉంటుంది. టేబుల్ కట్టేవాళ్లు ఇవ్వాల్సినవి గ్లాసు కింది చివర, పై చివర ఎత్తులు. అవి సరిగ్గా ఇస్తే ఎత్తు, పొట్టి, చిన్న తెర, పెద్ద తెర తేడా లేకుండా అందరికీ ఒకే టేబుల్ సరిపోతుంది. కొత్తగా కట్టే ప్రతి టేబుల్‌కీ మేం చెప్పేది ఇదే.

డెస్క్‌టాప్ వ్యూలో స్కోరు రీళ్లు (పాయింట్లు చూపే అంకెల చక్రాలు) సాగిపోయి కనిపిస్తున్నాయి. 21:9 మానిటర్లో ఇంకా ఘోరం. ఏం చేయాలి?

ఎడిటర్‌లో బ్యాక్‌డ్రాప్ (టేబుల్ వెనక కనిపించే బొమ్మ) 1000 × 750 గడిలో ఉంటుంది, అంటే 4:3. ఆట నడిచేటప్పుడు అది తెరంతా పరుచుకుంటుంది. దాంతో ఎడిటర్‌లో గుండ్రంగా గీసింది 16:9లో 1.33 రెట్లు, 21:9లో 1.75 రెట్లు వెడల్పుగా మారుతుంది. 16:9ని ఆధారంగా పెట్టుకుని, రీళ్ల వెడల్పుని ముందే మూడొంతులకి, అంటే 75 శాతానికి తగ్గించి గీయండి. బ్యాక్‌డ్రాప్‌లో ముఖాలు, వలయాలు పెట్టకుండా చెక్క నమూనాలు, చీకటి గోడల్లాంటివి వాడితే 21:9లో సాగినా ఎవరూ గమనించరు.

ఫుల్ సింగిల్ స్క్రీన్ వ్యూ ఎవరికి పనికొస్తుంది?

ఒకే మానిటర్ ఉండి, దాన్ని నిలువుగా పెట్టుకున్నవాళ్లకి. తెర కింది భాగంలో ప్లేఫీల్డ్, పైన బ్యాక్‌గ్లాస్. బ్యాక్‌గ్లాస్‌ని త్రీడీ వస్తువుగా టేబుల్ పైచివర నిలబెట్టి, దాని దీపాలని ఫ్లాషర్లతో వెలిగించాలి. పని ఎక్కువే. ఆ నిలబెట్టిన బ్యాక్‌గ్లాస్‌నే వీఆర్ గదిలో మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి ఆ కష్టం ఊరికే పోదు.

## వస్తువులు, దీపాలు పెట్టేటప్పుడు

క్యాబినెట్‌లో సైడ్ రెయిళ్లు, లాక్‌బార్ (గాజుని పట్టి ఉంచే అంచు పట్టీలు) బొమ్మలు కనిపిస్తున్నాయి. ఎలా దాచాలి?

క్యాబినెట్‌లో అవి లోహంతో నిజంగానే ఉంటాయి. తెరలో మళ్లీ గీస్తే వెడల్పు వృథా. టేబుల్‌కి షోడీటీ అనే గుణం ఉంటుంది, డెస్క్‌టాప్ వ్యూలో దాని విలువ ట్రూ. స్క్రిప్ట్ మొదట్లో దాన్ని ఒక చలరాశిలోకి తీసుకుని, రెయిళ్ల విజిబుల్ గుణానికి అదే విలువ ఇవ్వండి. 10.8లో రెండరింగ్‌మోడ్ విలువ 2 అయితే వీఆర్ అని అర్థం. అక్కడ రెయిళ్లతోపాటు క్యాబినెట్ పెట్టె, కాళ్లు కూడా చూపించాలి. ఒక్కొక్క వస్తువునీ విడిగా రాయకుండా డెస్క్‌టాప్‌వి ఒక కలెక్షన్, వీఆర్‌వి ఒక కలెక్షన్ చేసి లూప్ తిప్పితే తర్వాత చేర్చినవి మరిచిపోయే ప్రమాదం ఉండదు.

క్యాబినెట్‌లో చక్కగా ఉన్న ఫ్లాషర్లు డెస్క్‌టాప్‌లో గాల్లో తేలుతున్నాయి, ఎందుకని?

ఫ్లాషర్ అంటే ఒక పలచని రేకు. పైనుంచి చూస్తే 100 యూనిట్ల ఎత్తులో ఉన్నా, ప్లేఫీల్డ్‌కి ఆనుకుని ఉన్నా దాదాపు ఒక్కటే. పక్కవాటుగా చూసేసరికి ఆ ఎత్తు బయటపడి, వెలుగు బల్బుకి దూరంగా జరిగిపోతుంది. నేల మీద పడే వెలుగైతే ప్లేఫీల్డ్‌కి అర యూనిట్, ఒక యూనిట్ ఎత్తులోనే ఉంచండి. బల్బు చుట్టూ వచ్చే కాంతి వలయమైతే షోడీటీ విలువని చూసి రోట్‌ఎక్స్ (రేకు వాలు కోణం) మార్చి, రేకుని ఆటగాడి వైపు తిప్పండి. గోడ మీద నిలువుగా పెట్టిన ఫ్లాషర్‌కి దీనికి తిరగబడ్డ కష్టం: డెస్క్‌టాప్‌లో ఉంటుంది, క్యాబినెట్‌లో గీతలా సన్నబడి మాయమవుతుంది. ఏ వెలుగునైనా మూడు వ్యూల్లోనూ చూశాకే తర్వాతిదానికి వెళ్లండి. చివర్లో అన్నీ కలిపి చూస్తే ఏది ఎక్కడ తప్పిందో దొరకదు.

వీఆర్‌లో తల వంచి చూస్తే వస్తువుల్లో కంతలు కనిపిస్తున్నాయని అంటున్నారు. అది ఎక్కడి తప్పు?

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో వెలుగుని బేక్ చేసేటప్పుడు (ముందే లెక్కవేసి బొమ్మలో కలిపేటప్పుడు) కెమెరాకి కనిపించని ముఖాలని తీసేసి ఉంటారు. క్యాబినెట్ వ్యూకి అది పొదుపు. వీఆర్‌లో తల ఎటైనా పోతుంది కాబట్టి ర్యాంపు అడుగు, బొమ్మల వీపు ఖాళీగా కనిపిస్తాయి. వీఆర్ కూడా ఇవ్వాలనుకుంటే ఆ ముఖాలని ఉంచండి, టెక్స్చర్‌లో వాటికి తక్కువ చోటు ఇవ్వండి.

వ్యూ మారుస్తున్నప్పుడు ఫ్రేములు సగానికి పడిపోతున్నాయి. టేబుల్ బరువెక్కిందా?

కాకపోవచ్చు. కదలని వస్తువులకి స్టాటిక్ రెండరింగ్ పెడితే వాటిని ఒక్కసారే గీసి ఉంచుకుంటుంది. కెమెరా కదిలేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు, అన్నీ ప్రతి ఫ్రేముకీ గీయాలి. సర్దడం ముగించి ఆటలోకి వచ్చాక మళ్లీ కొలవండి. వీఆర్‌లో మాత్రం స్టాటిక్ ఎప్పుడూ ఉండదు. కాబట్టి కెమెరా సర్దేటప్పుడు వచ్చిన ఫ్రేముల సంఖ్యే వీఆర్‌కి దగ్గరి అంచనా.

## రెండో తెర, మూడో తెర

బ్యాక్‌గ్లాస్ ప్లేఫీల్డ్ మీదికి వచ్చేస్తోంది. ఏ ఫైల్ దిద్దాలి?

బ్యాక్‌గ్లాస్‌ని చూపించే బీ2ఎస్ సర్వర్ స్క్రీన్‌రెస్ అనే టెక్స్ట్ ఫైల్ చదువుకుంటుంది. అందులో విలువలు వరసగా: ప్లేఫీల్డ్ వెడల్పు, ఎత్తు, బ్యాక్‌గ్లాస్ వెడల్పు, ఎత్తు, బ్యాక్‌గ్లాస్ ఉన్న డిస్‌ప్లే సంఖ్య, ఆ తెరలో దాని ఎక్స్, వై స్థానం, ఆపైన డీఎండీ (స్కోరు చూపే చుక్కల తెర) వెడల్పు, ఎత్తు, ఎక్స్, వై. డీఎండీ స్థానం బ్యాక్‌గ్లాస్ ఎడమ పైమూల నుంచి లెక్క. నిన్నటిదాకా బాగుండి ఇవాళ చెడిందంటే డ్రైవర్ అప్‌డేట్ తర్వాత విండోస్ డిస్‌ప్లే సంఖ్యలు మారిపోయి ఉంటాయి, ఐదో విలువ చూడండి. బ్యాక్‌గ్లాస్ అసలు రాకపోతే డైరెక్ట్‌బీ2ఎస్ (బ్యాక్‌గ్లాస్) ఫైల్ పేరు టేబుల్ ఫైల్ పేరుతో అక్షరం అక్షరం కలుస్తోందో లేదో చూడండి. చివర ఒక ఖాళీ ఎక్కువున్నా దొరకదు.

బ్యాక్‌గ్లాస్ కింద స్పీకర్ గ్రిల్ బొమ్మ ఉంచాలా, తీసేయాలా?

ఉంచండి, కానీ గ్రిల్ ఎత్తు విలువ నింపండి. రెండు తెరలున్నవాళ్లకి డీఎండీ ఆ గ్రిల్ మధ్యలోనే కూర్చుంటుంది. మూడు తెరలున్నవాళ్లు గ్రిల్‌ని దాచుకుంటే మిగతా బొమ్మ తెరంతా నిండుతుంది. ఎత్తు విలువ ఖాళీగా వదిలితే వాళ్లకి దాచే వీలే ఉండదు.

డీఎండీలో చుక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వస్తున్నాయి. ఏం చేయాలి?

1990ల యంత్రాల్లో ఎక్కువగా ఉన్నది 128 × 32 చుక్కల డీఎండీ. తెర మీద చుక్కకి పూర్ణాంకంలో పిక్సెళ్లు రావాలి. 1920 వెడల్పు తెరకి 15 రెట్లు, 1920 × 480. 1366 తెరకి 10 రెట్లే, 1280 × 320, అటూ ఇటూ 43 పిక్సెళ్లు నల్లగా వదిలేయాలి. నింపాలని 1366 చేస్తే చుక్కకి 10.67 పిక్సెళ్లు వచ్చి కొన్ని 10, కొన్ని 11 అవుతాయి. సెగా కొన్ని యంత్రాల్లో 192 × 64 వాడింది, వాటికి 1920 × 640 పెట్టండి. అన్ని యంత్రాలకీ 4:1 చట్రమే బిగిస్తే ఇవి అణిగిపోతాయి.

సొంత టేబుల్‌లో డీఎండీ మీద తెలుగు అక్షరాలు చూపించొచ్చా?

చూపించొచ్చు, బొమ్మలుగా మాత్రమే. సొంత టేబుళ్లకి డీఎండీ గీసే ఫ్లెక్స్‌డీఎండీ వాడే బిట్‌మ్యాప్ ఫాంట్లు ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ పక్కపక్కన పేర్చుకుంటూ పోతాయి. వాటికి గుణింతాన్ని తలకట్టు చోట కూర్చోబెట్టడం, ఒత్తుని కిందికి దించడం తెలియదు. "జాక్‌పాట్", "బంతి పోయింది" లాంటి మాటలని ముందే గీసి పీఎన్‌జీలుగా చేర్చండి, అంకెలకి మాత్రం ఫాంట్ వాడండి. 32 చుక్కల ఎత్తులో పైన గుడికి 6, కింద ఒత్తుకి 8 వదిలితే అక్షరానికి 18 మిగులుతాయి. ఒక్క వరసే పడుతుంది. "స్త్రీ" లాంటి రెండొత్తుల అక్షరం అలుక్కుపోతే 256 × 64 పరిమాణం ఎంచుకోండి. గీత మందం 2 చుక్కలకి తగ్గనివ్వకండి, ఒక్క చుక్క గీత దూరం నుంచి విరిగినట్టు కనిపిస్తుంది.

## అందరికీ ఇచ్చేముందు

నా దగ్గర ఉన్నది ఒకే మానిటర్. మిగతా తెరల్లో ఎలా ఉంటుందో ఎలా చూడాలి?

విండో పరిమాణం మార్చి సగం పని చేయొచ్చు. పూర్తి తెర వద్దని చెప్పి 1600 × 900, 1680 × 720, 450 × 1000 విండోల్లో నడిపితే 16:9, 21:9, ఫోన్ నిష్పత్తులు మూడూ తెలుస్తాయి. క్యాబినెట్ వ్యూని రొటేషన్ 270తో పెట్టి మానిటర్ పక్కన తల వంచి చూస్తే చాలదు. మానిటర్‌ని నిజంగానే తీసి బల్ల మీద పడుకోబెట్టి, నిలబడి ఆడండి. బంతి ఆకారం, ఏప్రన్ ఎక్కడ తెగుతోంది, కుడి ప్లంజర్ లేన్ (బంతిని వదిలే దారి) కనిపిస్తోందా అన్న మూడూ అప్పుడే తేలతాయి.

నా వ్యూ విలువలు వేరే ఫైల్లో ఇవ్వాలా, టేబుల్‌లోనే దాచాలా?

మూడు వ్యూల విలువలూ టేబుల్‌లోనే దాచి ఇవ్వండి. 10.7లో పీఓవీ (వ్యూ విలువలు దాచే) ఫైల్, 10.8లో టేబుల్ పేరుతోనే ఉండే ఐఎన్ఐ ఫైల్ పక్కన ఉంటే టేబుల్‌లోని విలువలకి బదులు అవే అమల్లోకి వస్తాయి. అవి ఆడేవాళ్ల సొంతం. మీ ఐఎన్ఐని పొరపాటున కలిపి పంపితే వాళ్లు ఓపిగ్గా సర్దుకున్న విలువలు చెరిగిపోతాయి. పంపేముందు మీ దగ్గరున్న ఆ ఫైల్‌ని పక్కకి తీసి టేబుల్‌ని ఒకసారి తెరవండి. విలువలు టేబుల్‌లోకి నిజంగా చేరాయో, పక్క ఫైల్ వల్లే ఇన్నాళ్లూ బాగా కనిపించిందో అప్పుడు తెలుస్తుంది.

వేరేవాళ్ల టేబుల్‌ని నా తెరకి సర్ది పంచుకోవచ్చా?

వ్యూ విలువలు మాత్రమే మార్చి ఉంటే పీఓవీ లేదా ఐఎన్ఐ ఫైల్ ఒక్కటే పంచుకోండి, టేబుల్ ముట్టుకోనక్కర్లేదు. మోడళ్లు, బొమ్మలు, స్క్రిప్ట్ మార్చి ఉంటే ముందు కట్టినవాళ్ల అనుమతి అడగండి. టేబుల్ సమాచారంలోనూ స్క్రిప్ట్ పైనా ఉన్న పేర్లు ఒక్కటీ చెరపకుండా మీరు ఏం మార్చారో కింద తేదీతో రాయండి.